బంతి లేని వైపు చూడు

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన వ్యాసం శనివారం చదివాను, ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ మళ్ళీ చదివాను. సగం ఇక్కడ అమెరికాలో, నార్త్ కరోలినా డర్హమ్‌లో బుల్స్ జట్టు బేస్‌బాల్ ఆటకు వెళ్ళిన సాయంత్రాలు, మిగతా సగం నీకిష్టమైన సినిమాలు, సిరీస్‌లు. "ఇంత మామూలు సంగతులు రాస్తే ఎవరైనా చదువుతారా పిన్నిగారూ?" అని అడిగావు. చదువుతారమ్మా. సెలవురోజు ఎక్కడికి వెళ్ళాం, రాత్రి ఏం చూశాం అన్నవాటిలోనే మన బతుకు చాలావరకు గడిచిపోతుంది. విషయం చిన్నదని ఎప్పుడూ జంకకు. నీ వ్యాసంలో నాకు కనిపించిన లోటు వేరు. దాని గురించే ఇంత పొడుగు ఉత్తరం.

బంతి విసిరే పిచ్చర్‌ని మార్చిన చోట, మూడో పేజీలో ఇలా రాశావు: "పిచ్చర్‌ని మార్చారు. బయటికి వచ్చిన అబ్బాయి డగౌట్‌లో ఆ చివర కూర్చుని, బూటు తాళ్ళు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు." అంతే. ఆ వెంటనే బంతి గోడ దాటిన హోమ్ రన్, ఈలలు, గోడ మీది బొమ్మ ఎద్దు ముక్కులోంచి పొగ, నాచోస్, శుక్రవారం కాబట్టి చివర్లో బాణసంచా. నువ్వు బాణసంచా దాకా వెళ్ళిపోయావు. నేను ఆ కుర్రాడి దగ్గరే ఉండిపోయాను. వేలమంది హోమ్ రన్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు నువ్వొక్కదానివి అటు చూశావు. ఆ రెండు వాక్యాలూ నీవి. మిగతా నాలుగు పేజీలూ ఆ రాత్రి అక్కడున్న ఎవరైనా రాయగలరు.

అలా ఎందుకైందో నాకు తోచింది చెబుతాను. మీ తరం (మా తరం కూడా ఇప్పుడు అలాగే తయారైంది) ఆటను ముందు తెర మీద చూసి, ఆ తరువాత మైదానంలో చూసింది. తెర మీద నీ బదులు ఎవరో ముందే చూసిపెడతారు. దేన్ని దగ్గరగా చూపాలి, ఎంతసేపు ఉంచాలి, ఎక్కడ కోసెయ్యాలి అన్నది దర్శకుడూ కెమెరామనూ ఎడిటరూ తేల్చేస్తారు. మైదానంలో నీకా పని చేసిపెట్టేవాళ్ళు లేరు. తొమ్మిదిమంది ఫీల్డర్లు, బ్యాటర్, అంపైర్లు, బుల్‌పెన్ అనే పక్క జాగాలో తమ వంతు కోసం భుజాలు తిప్పుకుంటున్న పిచ్చర్లు, మెట్ల మీద నిమ్మరసం డబ్బా మోసుకుంటూ ఎక్కే కుర్రాళ్ళు, పక్క వరసలో నిద్రపోయిన పిల్లాడు, అంతా ఒకేసారి. ఎటు చూడాలో నువ్వే తేల్చుకోవాలి. నువ్వు ఆ పనిని స్కోర్‌బోర్డు పక్కనున్న పెద్ద తెరకు అప్పజెప్పావు. అది హోమ్ రన్‌ని మళ్ళీ చూపింది, నువ్వూ హోమ్ రన్ రాశావు.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక ఇన్నింగ్స్ మొత్తం బంతి వైపు చూడకు. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్‌ని చూడు. బేస్‌ల మీద ఎవరూ లేనప్పుడు బ్యాటర్ నేలబారుగా కొడితే, దగ్గర్లో నిలబడ్డ ఇన్‌ఫీల్డర్ దాన్ని అందుకుని, బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన ఫస్ట్ బేస్‌కి విసురుతాడు. అందరి కళ్ళూ అటే ఉంటాయి. అదే క్షణంలో క్యాచర్ ముఖానికి ముసుగు, ఛాతీకి పలక, మోకాళ్ళకు కవచాలు ఉన్నవాడు ఉన్నట్టే లేచి ఫస్ట్ బేస్ వెనక్కి పరుగెత్తుతాడు. విసురు తప్పితే బంతి దూరంగా పోకుండా ఆపాలని. విసురు సాధారణంగా తప్పదు. అతను నడుచుకుంటూ వెనక్కి వచ్చి మళ్ళీ గొంతుక్కూర్చుంటాడు. జూలై నెలలో డర్హమ్ ఉక్కలో ఒక్క రాత్రికి ఎన్నిసార్లో ఆ పరుగు! టీవీలో అది నీకు కనిపించదు, కెమెరా బంతితో పాటు వెళ్ళిపోతుంది కనుక. ఆ పరుగు మీద ఎవరైనా తెలుగులో ఒక మంచి పేరా రాస్తే చదవాలని నాకు ఎప్పటినుంచో కోరిక. నువ్వు రాస్తే సంతోషిస్తాను.

చూడటం ఒక్కటే సరిపోదు, చూసినదాని వెనకేముందో తెలియాలి. నీ కుర్రాడి సంగతే తీసుకుందాం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో కూర్చుని చదివే మనిషికి బేస్‌బాల్ రాదు. అందుకని నువ్వు మొదటి పేజీ నిండా నియమాలు పెట్టావు: మూడు స్ట్రైకులు, నాలుగు బాల్స్, తొమ్మిది ఇన్నింగ్స్. అవన్నీ తీసేయి. ఆ రెండు వాక్యాలకు కావలసిన నియమం ఒక్కటే. క్రికెట్‌లో బౌలర్‌ని పక్కన పెట్టినా గంట తరువాత మళ్ళీ బంతి ఇవ్వొచ్చు. బేస్‌బాల్‌లో ఒకసారి ఆట నుంచి తీసేస్తే ఆ రాత్రికి మళ్ళీ రానివ్వరు. అది ఒక్కటీ చెప్పి, ఆ తరువాత బూటు తాళ్ళ సంగతి చెప్పు. విప్పి మళ్ళీ ఎందుకు కట్టుకున్నాడో పాఠకుడు తనే ఆలోచించుకుంటాడు. అతని మనసులో ఏముందో మాత్రం రాయకు. నువ్వు కనిపెట్టిన దుఃఖాన్ని నిజంగా ఉన్న మనిషికి అంటగట్టే హక్కు మనకు లేదు. నువ్వు చూసినవి తాళ్ళు, తాళ్ళే రాయి.

ఇంకా ఏం తెలియాలి? బుల్స్ జట్టు ట్రిపుల్-ఏలో ఉందని రాశావు గానీ అదేమిటో చెప్పలేదు. మేజర్ లీగ్ అనే పై లీగ్‌లో 30 జట్లు. ఒక్కొక్క దాని కింద మైనర్ లీగ్ అనే నాలుగు మెట్లలో నాలుగు జట్లు, మొత్తం 120. ట్రిపుల్-ఏ అన్నిటికన్నా పై మెట్టు. 1998 నుంచి డర్హమ్ జట్టు పై లీగ్‌లోని ఫ్లోరిడా జట్టు టాంపా బే రేస్ కింద ఆ మెట్టు మీద ఉంది. అంటే నువ్వు చూసిన కుర్రాడికి పైన మిగిలింది ఒక్క మెట్టే. ఫోన్ వస్తే రేపే ఆ పై జట్టులో ఉండొచ్చు, రాకపోతే ఐదేళ్ళు ఇక్కడే ఉండొచ్చు. ఇక జీతాలు. 2022 దాకా ట్రిపుల్-ఏలో కనీస జీతం ఏడాదికి 17,500 డాలర్లు, దాని కింద డబుల్-ఏలో 13,800. ఆటగాళ్ళు యూనియన్‌లో చేరి, 2023లో మొదటిసారి ఒప్పందం కుదుర్చుకున్నాక అవి 35,800, 30,250 అయ్యాయి. ఇక్కడ డర్హమ్ పక్కనున్న కేరీలో, మారిస్‌విల్‌లో ఒక గది అపార్ట్‌మెంట్ అద్దె ఎంతో నీకు నాకన్నా బాగా తెలుసు. ఆ పాత అంకె పక్కన అద్దె పెట్టి చూసుకుంటే మైదానంలో నీకు కనిపించే మనుషులు మారిపోతారు.

పై లీగ్‌లో పేరున్న ఆటగాడు గాయం మానాక కొన్నాళ్ళు ఇక్కడికి వచ్చి ఆడి వెళ్తాడు. వెళ్ళేలోపు ఇక్కడి జట్టు మొత్తానికి మంచి భోజనం తెప్పించడం ఆనవాయితీ. ఎవరో రాసిపెట్టిన నియమం కాదు. తనూ ఒకప్పుడు ఇక్కడ తిన్నవాడే కాబట్టి తెప్పిస్తాడు. నాకు ఈ ఆటలో ఎంతో ఇష్టమైన సంగతి ఇది. ఎవరి గురించైనా "గొప్ప ఆటగాడు" అని రాసే బదులు ఇలాంటిదొకటి సంపాదించుకుని రాయి.

మైనర్ లీగ్ గురించి రాయాలనుకునే వాళ్ళందరికీ నేను చెప్పే కథ ఒకటుంది. 1981 ఏప్రిల్ 18, ఈస్టర్‌కి ముందు శనివారం రాత్రి. రోడ్ ఐలండ్‌లో పాటకెట్ అనే మిల్లుల ఊరు, మెకాయ్ స్టేడియం. పాటకెట్ రెడ్ సాక్స్, రాచెస్టర్ రెడ్ వింగ్స్ ఆడుతున్నాయి. తొమ్మిది ఇన్నింగ్స్ అయినా సమం, ఇరవై అయినా సమం. అర్ధరాత్రి దాటితే ఆట ఆపాలనే నియమం ఆ ఏడాది అంపైర్ల పుస్తకంలో అచ్చు కాలేదు, అందుకని వాళ్ళు ఆపలేదు. చలికి ఆటగాళ్ళు విరిగిన బ్యాట్లు మంటలో వేసుకుని కాచుకున్నారు. లీగ్ అధ్యక్షుడు ఎలాగో ఫోన్‌లో దొరికి, తెల్లవారుజామున నాలుగు దాటాక ఆట ఆపించాడు. అప్పటికి 32 ఇన్నింగ్స్ అయ్యాయి. స్టేడియంలో మిగిలినవాళ్ళు 19 మంది. జూన్ 23న మళ్ళీ మొదలుపెడితే 18 నిమిషాల్లో, 33వ ఇన్నింగ్స్‌లో పాటకెట్ గెలిచింది. వృత్తి బేస్‌బాల్‌లో అంత పొడుగు ఆట ఇంకొకటి లేదు.

ఈ కథ రాయమంటే చాలామంది వేడ్ బాగ్స్, కాల్ రిప్కెన్ పేర్లతో మొదలుపెడతారు. ఇద్దరూ ఆ రాత్రి ఆడారు, ఇద్దరూ తరువాత బేస్‌బాల్ మేటి ఆటగాళ్ళ హాల్ ఆఫ్ ఫేమ్‌కి వెళ్ళారు. గెలిపించిన దెబ్బ కొట్టింది మాత్రం డేవ్ కోజా. అతను పై లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. నేనైతే కోజా దగ్గర మొదలుపెడతాను. లేదా ఆ 19 మందిలో ఒకరి దగ్గర. పక్కవాళ్ళు ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతుంటే, తెల్లారితే పండగ పెట్టుకుని, ఆ చలిలో ఎందుకు కూర్చున్నారో నాకు తెలుసుకోవాలని ఉంటుంది. అందులో ఒక నవల ఉంది.

ఇక నీ వ్యాసంలో రెండో సగం. సినిమాకి ఒక పేరా చొప్పున రాశావు, ప్రతి పేరాలోనూ మూడు వంతులు కథే. చివర "తప్పక చూడండి". కథ చెప్పడం ఇప్పుడు ఎవరికీ అవసరం లేదు, ఫోన్ తీస్తే దొరుకుతుంది. ఒక్క సన్నివేశం పట్టుకో. అది నీ మీద ఎలా పనిచేసిందో విప్పి చూడు.

నువ్వు రాసిన 'జెర్సీ'నే చూద్దాం. 2019లో వచ్చినప్పుడు నేనిక్కడ మారిస్‌విల్ థియేటర్‌లో చూశాను. వయసు మీరాక హైదరాబాద్ రంజీ జట్టుకు ఎంపికైన మనిషి రైల్వే స్టేషన్‌కి వెళ్ళి, రైలు వస్తున్నప్పుడు ఆ హోరులో గొంతు చించుకుని అరుస్తాడు. నువ్వు "ఏడుపొచ్చింది" అని ఒక్క మాటతో దాటిపోయావు. ఎందుకొచ్చింది? ఆ అరుపు ఎవరికీ వినపడకూడదని అతను చోటు వెతుక్కున్నాడు. ఇంటి దగ్గర అరవలేడు, గ్రౌండ్‌లో అరవలేడు. అంత సంతోషాన్ని దాచుకోవలసి రావడం వెనక ఎన్నేళ్ళ ఓటమి ఉందో ఆ రైలు మోత చెబుతుంది. నువ్వు ఈ దారిలో ఆలోచించి పేజీ రాస్తే, సినిమా చూసినవాళ్ళు కూడా మళ్ళీ చూస్తారు.

'బుల్ డర్హమ్' మీద నువ్వు రాసింది మరీ పొట్టిగా ఉంది. మన ఊరి బేస్‌బాల్ జట్టు మీద తీసిన సినిమా కదా, ఇంకా ఆగాల్సింది. దాన్ని తీసిన రాన్ షెల్టన్ సినిమాల్లోకి రాకముందు బాల్టిమోర్ ఓరియోల్స్ కింది జట్లలో ఐదేళ్ళు ఆడాడు. వాళ్ళ ట్రిపుల్-ఏ జట్టు రాచెస్టర్ దాకా వచ్చాడు, పైకి వెళ్ళలేదు. ఆ సినిమాలో పిచ్చర్ తడబడుతుంటే క్యాచర్, ఇన్‌ఫీల్డర్లు అందరూ అతను నిలబడే మట్టిదిబ్బ మీద గుంపుగా చేరే ఘట్టం ఉంది. పైన కూర్చున్నవాళ్ళంతా ఏదో వ్యూహం రచిస్తున్నారనుకుంటారు. అక్కడ నడిచే మాటలు వేరు: ఒకడి గ్లవ్‌కి దిష్టి తగిలిందట, పిచ్చర్ వాళ్ళ నాన్న ఆట చూడ్డానికి వచ్చాడట, జట్టులో వాడి పెళ్ళికి ఏం బహుమతి ఇవ్వాలో తోచడం లేదట. సంగతేమిటో చూద్దామని వచ్చిన కోచ్ కూడా బహుమతికి సలహా చెప్పి పోతాడు. ఎన్నో సాయంత్రాలు అలాంటి గుంపులో నిలబడ్డవాడికే ఆ సన్నివేశం తడుతుంది. స్టాండ్స్‌లో కూర్చున్న నాకు తట్టదు. తెర మనకు చేసే ఉపకారం ఇదే. మైదానంలో మన చెవికి అందని మాటను దగ్గరికి తెచ్చి వినిపిస్తుంది. ఆ సినిమా చూశాక వెళ్ళి మైదానంలో కూర్చుంటే, దిబ్బ మీద నలుగురు చేరిన ప్రతిసారీ నాకు ఆ పెళ్ళే గుర్తొస్తుంది.

నువ్వు ఫోటో తీసుకున్న ఎద్దు బొమ్మ ఉంది చూడు, ఎడమవైపు ఎత్తు గోడ మీద, కళ్ళు వెలిగి ముక్కులోంచి పొగ వదిలేది. అది సినిమాలోంచే వచ్చింది. 1988లో వచ్చిన ఆ సినిమా కోసం పాత డర్హమ్ అథ్లెటిక్ పార్క్‌లో అలాంటి బొమ్మ పెట్టారు. జనానికి నచ్చి, షూటింగ్ అయిపోయినా తీయలేదు. 1995లో కొత్త మైదానం కట్టినప్పుడు ఎద్దు కూడా వచ్చింది. బంతి ఎద్దుకు తగిలితే ఆటగాడికి స్టేక్, కింద గడ్డికి తగిలితే సలాడ్ అని దాని మీద రాసి ఉంటుంది. అప్పట్లో డర్హమ్ జట్టు ట్రిపుల్-ఏ కన్నా బాగా కింద మెట్టులో, కరోలినా లీగ్‌లో ఆడేది. చిన్న లీగ్‌లో ఒక చిన్న జట్టు గురించి సినిమా తీశారు, ఆ సినిమా బొమ్మ వచ్చి మైదానంలో స్థిరపడింది, ఇప్పుడు దాన్ని చూడ్డానికి మనం పిల్లల్ని తీసుకెళ్తున్నాం. నీ వ్యాసంలో ఆట ఒక సగం, సినిమా ఒక సగం, మధ్యలో అతుకు లేదు. ఆ ఎద్దే అతుకు. రెండు సగాలూ అక్కడ కలుస్తాయి.

సినిమా చెప్పిన తారీఖులను మాత్రం నమ్మి రాయకు. 'ఫీల్డ్ ఆఫ్ డ్రీమ్స్'లో మూన్‌లైట్ గ్రాహమ్ అనే ముసలి డాక్టరు నీకు నచ్చాడని రాశావు, 1922లో ఒక్క ఆట ఆడాడని రాశావు. ఆ ఏడాది సినిమాది. నిజంగా ఆర్చిబాల్డ్ గ్రాహమ్ న్యూయార్క్ జెయింట్స్ తరఫున ఆడింది 1905 జూన్ 29న. ఆట చివర్లో రైట్ ఫీల్డ్‌లోకి పంపారు. బ్యాటింగ్ రాలేదు. ఆ తరువాత పై లీగ్‌లో మళ్ళీ అడుగుపెట్టలేదు. మన నార్త్ కరోలినా మనిషే, ఫయెట్‌విల్‌లో పుట్టి చాపెల్ హిల్‌లో చదివాడు. తరువాత మిన్నెసోటాలో చిజమ్ అనే గనుల ఊళ్ళో డాక్టరుగా స్థిరపడి, ఏళ్ళ తరబడి అక్కడి పిల్లలకు వైద్యం చేసి, 1965లో పోయాడు. సినిమా తన అవసరం కొద్దీ ఏళ్ళు మార్చుకుంది, దానికా హక్కు ఉంది. వ్యాసం రాసే మనకు లేదు. బేస్‌బాల్‌లో ప్రతి ఆటా, ప్రతి మనిషీ లెక్కల్లో ఉంటారు, పావుగంట వెతికితే దొరుకుతారు.

గ్రాహమ్ గురించి చదివినప్పుడల్లా నాకు ఎం.వి. శ్రీధర్ గుర్తొస్తాడు. ఆయన కూడా డాక్టరే. 1994 జనవరిలో సికింద్రాబాద్‌లో రంజీ మ్యాచ్, ఆంధ్ర మీద హైదరాబాద్ ఆరు వికెట్లకు 944 పరుగులు చేసి డిక్లేర్ చేసింది. అందులో శ్రీధర్‌వి 366. భారత జట్టుకు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2017లో పోయాడు. నీ వయసు తెలుగువాళ్ళలో ఆ పేరు ఎంతమందికి తెలుసు? మన దగ్గర రంజీ ఆటలు ఖాళీ స్టాండ్స్ ముందు జరుగుతాయి. ఇక్కడ ట్రిపుల్-ఏ ఆటకు వేలమంది వస్తారు, బాణసంచా కాలుస్తారు, ఎద్దు పొగ వదులుతుంది, అయినా ఆ కుర్రాళ్ళ పేర్లు రెండేళ్ళ తరువాత ఆ వచ్చినవాళ్ళకే గుర్తుండవు. పైకి వెళ్ళనివాళ్ళ ఆట ఎవరైనా చూసి రాస్తేనే ఉంటుంది. నీ వ్యాసం మీద నాకు ఇంత పట్టుదల ఎందుకో ఇప్పుడు తెలిసి ఉంటుంది. నువ్వు చదువుకున్నదానివి, రెండు భాషలొచ్చు, మైదానం నీ ఇంటికి అరగంట దూరంలో ఉంది. మన భాషలో ఆ మనుషుల గురించి నువ్వు రాయకపోతే ఇంకెవరు రాస్తారో నాకు తెలియదు.

శ్రీధర్‌నీ గ్రాహమ్‌నీ నీ వ్యాసంలో ఇరికించమని చెప్పడం లేదు. అలా పక్కన పెట్టుకోవలసినవాళ్ళు నీకు నీ దారిలో దొరుకుతారు. తెలుగువాళ్ళం చదువుతున్నాం కదా అని ప్రతి పేరాలోనూ క్రికెట్ పోలిక తేవద్దు కూడా. ఒకటి అవసరమైంది, పిచ్చర్ మార్పుకి. చాలు.

భాష గురించి కాస్త. నీ వాక్యాలు బాగున్నాయి, ఇంట్లో మాట్లాడినట్టు ఉన్నాయి. "అద్భుతం", "మరపురాని అనుభూతి", "ఎనర్జీ మామూలుగా లేదు" ఉన్న చోటల్లా కింద గీత గీశాను. ఆ చోట్ల నువ్వు ఏం చూశావో, ఏం విన్నావో గుర్తుచేసుకుని అది రాయి. గుర్తు రాకపోతే వాక్యం కొట్టేయి. ఏడో ఇన్నింగ్స్‌లో అందరూ లేచి నిలబడి పాడే పాట గురించి నువ్వు రాసింది అలాగే ఉంచు. మీ అత్తగారు మాటలు రాకపోయినా లేచి చప్పట్లతో తాళం వేశారన్నది చాలా బాగుంది, ఆవిణ్ణి ఇంకో రెండు చోట్ల కనిపించనీ. అలాంటి మనిషి నీ పక్కన కూర్చుంటే నియమాలు వివరించే పని నీకు తేలికవుతుంది, ఆవిడ అడుగుతారు, మీ ఆయన చెబుతాడు.

ఒకసారి మంగళవారం వెళ్ళు. వారానికి ఒక జట్టు వచ్చి మంగళవారం నుంచి ఆదివారం దాకా ఆడిపోతుంది, మొదటి రోజు జనం పలచగా ఉంటారు, బాణసంచా ఉండదు. మన జట్టు డగౌట్ ఎదురుగా కనిపించే వైపు టిక్కెట్టు కొనుక్కో. చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్ళు, ఫోన్ సంచిలో ఉంచు. గేట్లు తీయగానే లోపలికి వెళ్ళిపో, ఆట మొదలవకముందు ఆటగాళ్ళు గడ్డి మీద పరుగులు పెడుతూ నవ్వుకుంటూ ఉంటారు, అప్పుడు వాళ్ళు మామూలు కుర్రాళ్ళలా కనిపిస్తారు. ఆట నడుస్తుండగా స్కోరు రాసుకోవడం నేర్చుకుంటే మరీ మంచిది. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎవరిని ఎప్పుడు తీశారో కాగితం మీద ఉంటుంది, ఇంటికొచ్చాక ఊహించుకోవలసిన పని ఉండదు.

సెప్టెంబరుతో సీజన్ ముగుస్తుంది. ఆలోపు తిరగరాసి పంపు. నాలుగు పేజీలు రెండైనా ఫరవాలేదు. పక్కన అంచు ఎక్కువ వదులు, నేను రాసేందుకు చోటు కావాలి.

మీ ఆయన్నీ అత్తగారినీ అడిగానని చెప్పు.

ప్రేమతో,
పిన్ని